బాలింతకు మొలల నొప్పి: చంటిబిడ్డతో ఎట్లా నెట్టుకురావాలి? (తరచుగా అడిగే ప్రశ్నలు)

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో బాలింతల మధ్య నర్సుగా చాలా ఏళ్లు పనిచేశాను. బిడ్డ పాలు తాగుతోందా, బొడ్డు ఊడిందా అని వచ్చిన చుట్టాలందరూ అడుగుతారు. ఈ నొప్పి సంగతి మాత్రం ఎవరూ అడగరు. అందరూ వెళ్లాక, తలుపు దగ్గరికి వేసి, గొంతు తగ్గించి తల్లే చెబుతుంది. కావలిలో అడిగిన ప్రశ్నే కందుకూరులో అడుగుతారు, కనిగిరిలోనూ అదే. అందుకని వాళ్ల మాటల్లోనే ఇక్కడ రాసిపెట్టాను. ఏ జవాబుకు ఆ జవాబు విడిగా చదువుకోవచ్చు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తున్నా. మన వైపు బాలింతల మొలలు ఇంతగా ముదరడానికి కాన్పు సగం కారణమైతే, కాన్పు తర్వాత పెట్టే ఎండు పథ్యం మిగతా సగం. మలం మెత్తబడకుండా ఎంత ఖరీదైన క్రీమ్ రాసినా రేపు పొద్దున మళ్లీ అదే ఏడుపు.

## మొదటి రోజులు: అసలు ఇదేంది?

కుట్ల నొప్పా, మొలలా? నాకు తేడా తెలియడం లేదక్కా.

కుట్లు యోనికీ మలద్వారానికీ మధ్యలో, ఎక్కువగా ఒక పక్కకు ఉంటాయి. నడిచినా, మూత్రం తగిలినా చురుక్కుమంటాయి. మొలల నొప్పి మలద్వారం అంచునే ఉంటుంది. కడుక్కునేటప్పుడు వేలికి మెత్తగానో గట్టిగానో ఉబ్బు తగులుతుంది. మోషన్ టైమ్‌లోనూ, ఆ తర్వాత కూర్చున్నప్పుడూ నొప్పి పెరుగుతుంది. చాలామందికి రెండూ కలిసే ఉంటాయి. చిన్న అద్దం కింద పెట్టుకుని ఒకసారి చూసుకోండి. సిగ్గుపడాల్సిందేమీ లేదు, మీ ఒళ్లే కదా.

కడుపుతో ఉన్నప్పుడు లేవు. కాన్పు కాగానే ఎట్లా వచ్చాయి?

మలద్వారం లోపల రక్తనాళాలతో నిండిన మెత్తటి పొరలు ప్రతి మనిషికీ ఉంటాయి. అవి ఉబ్బి కిందికి జారితే మొలలు అంటాం. చివరి నెలల్లో గర్భసంచి బరువుకు అక్కడి రక్తం సరిగా వెనక్కి పోదు. ప్రొజెస్టరాన్ అనే హార్మోన్ పేగుల కదలికను మందగింపజేస్తుంది, ఐరన్ మాత్రలు మలాన్ని గట్టిపరుస్తాయి. ఆపైన కాన్పులో గంటల తరబడి ముక్కడం. లోపల ఉన్నవి అప్పుడు బయటపడతాయి. సిజేరియన్ అయినవాళ్లకూ వస్తాయి, ఎందుకంటే ముక్కడం తప్పినా మిగతావన్నీ వాళ్లకూ ఉన్నవే.

మోషన్‌కి వెళ్తే బ్లేడుతో కోసినట్టుంది. గడ్డ మాత్రం ఏమీ తగలడం లేదు. ఇది మొలలేనా?

కాకపోవచ్చు. ఇది ఎక్కువగా ఫిషర్, అంటే మలద్వారం అంచున చర్మం చీలడం. లోపలి మొలలు సాధారణంగా నొప్పి లేకుండా రక్తం పోస్తాయి. చీలిక అయితే మోషన్ టైమ్‌లో కోత, ఆ తర్వాత గంటసేపో రెండు గంటలో మంట. నొప్పికి అక్కడి కండరం బిగుసుకుంటుంది, బిగుసుకుంటే గాయానికి రక్తం సరిగా అందదు, గాయం మానదు. అందుకే దీనికి కండరాన్ని వదులు చేసే ఆయింట్‌మెంట్ వేరే రాస్తారు. మెడికల్ షాపులో మొలల క్రీమ్ అడిగి తెచ్చుకుని నెలలు గడిపినవాళ్లను చాలామందిని చూశాను. ఒక్కసారి డాక్టర్‌కు చూపిస్తే ఏదో తేలిపోతుంది.

రక్తం ముందు నుంచి వస్తోందా, వెనక నుంచా తెలియడం లేదు.

కాన్పు తర్వాత ముందు నుంచి మైల నాలుగు నుంచి ఆరు వారాల దాకా పోతుంది. మొదట ఎర్రగా, తర్వాత గోధుమరంగుగా, చివరికి తెల్లగా మారుతుంది. మొలల రక్తం తాజా ఎరుపు, మోషన్‌తో పాటే వచ్చి ఆగిపోతుంది. తేల్చుకోవాలంటే మోషన్ అయ్యాక కడుక్కుని, శుభ్రమైన తెల్లగుడ్డతో వెనక భాగం ఒక్కటే అద్ది చూడండి. ఐరన్ మాత్రలకు మలం నల్లగా రావడం మామూలే. కానీ తారులాగా జిగటగా, భరించలేని వాసనతో వస్తే అది వేరే సంగతి, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.

కాన్పై నాలుగు రోజులైంది, భయంతో మోషన్‌కే వెళ్లలేదు. ముక్కితే కుట్లు తెగిపోతాయా?

మామూలు మోషన్‌కు కుట్లు తెగవు. భయంతో బిగబట్టుకున్న ప్రతి రోజూ లోపల మలం ఇంకా ఎండిపోతుంది, అసలు ప్రమాదం అదే. శుభ్రమైన ప్యాడ్‌ను మడిచి, కుట్ల మీద ముందు వైపు నుంచి చేత్తో మెల్లగా ఆనించి పట్టుకుని వెళ్లండి. చాలా ధైర్యంగా ఉంటుంది. ముక్కకుండా నోటితో మెల్లగా గాలి వదలండి. మూడు, నాలుగు రోజులు దాటితే మలం మెత్తబరిచే సిరప్ రాయమని డాక్టర్‌ను అడగండి. ఎనిమా మాత్రం మీ అంతట మీరు చేసుకోవద్దు, ముఖ్యంగా కాన్పులో మలద్వారం దాకా చీలి కుట్లు పడినవాళ్లు.

## నొప్పి భరించలేని రోజులు

నిన్నటి నుంచి నీలంగా గట్టి గడ్డ. కూర్చోలేను, పడుకోలేను. ప్రాణం పోతోంది.

బయటి మొలలో రక్తం గడ్డకట్టినట్టుంది. శనగగింజంత నుంచి ఉసిరికాయంత దాకా ఉండొచ్చు, చర్మం బిర్రుగా నీలంగానో ఊదాగానో కనిపిస్తుంది. దీని తీరు తెలిస్తే సగం టెన్షన్ పోతుంది. మొదటి రెండు మూడు రోజులు నొప్పి భయంకరంగా ఉంటుంది, ఆ తర్వాత దానంతట అదే దిగుతుంది. వారం, పది రోజులకు కూర్చోగలుగుతారు. గడ్డ పూర్తిగా కరగడానికి కొన్ని వారాలు పడుతుంది.

నొప్పి మొదలైన 72 గంటల లోపు సర్జన్ దగ్గరికి వెళ్తే, అక్కడికే మత్తు ఇచ్చి చిన్న కోతతో గడ్డను తీసేయవచ్చు. వెంటనే తేలిక. ఆ గడువు దాటి, నొప్పి అప్పటికే తగ్గుముఖం పట్టి ఉంటే కోయకుండా వదిలేయడమే మేలని చాలామంది సర్జన్లు చెబుతారు. అందుకే 'రెండ్రోజులు చూద్దాంలే' అనుకునే నొప్పి కాదిది. ఉదయగిరి, గిద్దలూరు లాంటి దూరపు ఊళ్ల నుంచి రావాల్సినవాళ్లు మొదటి రోజే బయలుదేరితే మంచిది. గడ్డను సూదితో పొడవడం, పిండడం వద్దు. చీము పడుతుంది.

పాలిచ్చే తల్లి ఏ నొప్పి మాత్ర వేసుకోవచ్చు?

పారాసెటమాల్ వేసుకోవచ్చు. 650 మిల్లీగ్రాముల మాత్ర ఆరు గంటల గ్యాప్‌తో, రోజుకు నాలుగుకు మించకుండా. జలుబు మాత్రల్లోనూ పారాసెటమాల్ ఉంటుంది, రెండూ కలిపి వేయకండి. దాంతో ఆగకపోతే ఐబుప్రోఫెన్ కూడా పాలిచ్చే తల్లులకు పనికొస్తుంది, పాలలోకి చాలా తక్కువగా వెళ్తుంది. తిన్న తర్వాతే వేసుకోవాలి. అల్సర్, కిడ్నీ జబ్బు, ఉబ్బసం ఉన్నవాళ్లు, కాన్పులో బీపీ పెరిగినవాళ్లు డాక్టర్‌ను అడగకుండా వేసుకోవద్దు.

వద్దనేవి: ట్రమడాల్, కోడీన్ ఉన్న మాత్రలు. అవి పాల ద్వారా బిడ్డకు మగతనూ ఊపిరి ఇబ్బందినీ తేవచ్చు, మీకు మలబద్ధకం పెంచుతాయి. ఆస్పిరిన్ కూడా నొప్పికని వాడొద్దు. బిడ్డ కోసం ఏ మాత్రా వేసుకోకుండా పళ్లు బిగబట్టుకునే తల్లులున్నారు. దానివల్ల బిడ్డకు ఒరిగేదేమీ లేదు.

వేడి నీళ్ల టబ్‌లో కూర్చోమన్నారు. ఎట్లా చేయాలి? ఉప్పు వేయాలా?

నొప్పి మాత్ర తర్వాత బాగా పనిచేసేది ఇదే. వెడల్పాటి ప్లాస్టిక్ బేసిన్ ఒకటి దీనికోసమే విడిగా పెట్టుకోండి, బట్టలు నానేసేది వద్దు. నాలుగు వేళ్ల లోతు గోరువెచ్చటి నీళ్లు పోయండి. మోచేయి ముంచితే హాయిగా ఉండాలి, చురుక్కుమనకూడదు. బాలింత స్నానానికి కాచే మరుగు నీళ్లు అయితే చర్మం కాలుతుంది.

నేల మీద బేసిన్‌లోకి దిగి కూర్చోవడం, లేవడం కుట్లున్న మనిషికి నరకం. బేసిన్‌ను గట్టి ముక్కాలి పీట మీదో, వెస్టర్న్ కమోడ్ మీదో కదలకుండా పెట్టుకోండి. సర్జికల్ షాపుల్లో కమోడ్ మీద సరిగ్గా కూర్చునే టబ్బు దొరుకుతుంది. పది, పదిహేను నిమిషాలు, రోజుకు మూడుసార్లు, అందులో ఒకటి తప్పకుండా మోషన్ అయిన వెంటనే. ఉప్పు, డెటాల్, పసుపు ఏమీ అక్కర్లేదు, డెటాల్ అయితే మంట పెడుతుంది. తర్వాత మెత్తటి నూలుగుడ్డతో అద్దండి, రుద్దొద్దు. మొదటిసారి లేచేటప్పుడు కళ్లు తిరగవచ్చు, తలుపు గడియ పెట్టుకోకండి.

ఐస్ పెట్టుకుంటానంటే బాలింతకు చలువ చేస్తుందని మా అమ్మ ఒప్పుకోవడం లేదు.

ఒళ్లంతా తడిపే పని కాదు కదమ్మా. ఐస్ ముక్కలు నూలుగుడ్డలో చుట్టి ఆ ఒక్క చోట పది నిమిషాలు పెడితే వాపు, పోటు తగ్గుతాయి. బిడ్డకు జలుబు చేయదు, పాలు చల్లబడవు. ఐస్ నేరుగా చర్మానికి తగలనివ్వొద్దు. అమ్మతో వాదించే ఓపిక లేకపోతే ఆశా అక్క చేత చెప్పించండి. అమ్మ మాట కాదనలేనివాళ్లు గోరువెచ్చటి నీళ్లతోనే సరిపెట్టుకున్నా నష్టం లేదు.

మొలల క్రీమ్ ఎన్ని రోజులు రాయొచ్చు? బిడ్డకు ఏమన్నా అవుతుందా?

లిగ్నోకెయిన్ ఉన్న జెల్లీ ఆ చోటును కాసేపు మొద్దుబారుస్తుంది. మోషన్‌కు ముందు రాస్తే బాగా పనికొస్తుంది. స్టెరాయిడ్ కలిసిన క్రీమ్ వారానికి మించి వాడితే చర్మం పలచబడుతుంది. పాలలోకి వెళ్లేది నామమాత్రం. రాశాక సబ్బుతో చేతులు కడుక్కుని బిడ్డను ఎత్తుకోండి, అంతే.

మోషన్ తర్వాత మెత్తటి కండ బయటికి వస్తోంది. లోపలికి నెట్టొచ్చా?

మెత్తగా ఉండి, నొప్పి లేకుండా జారే కండ అయితే నెట్టొచ్చు. వేలికి జెల్లీ రాసుకుని, పక్కకు పడుకుని, మెల్లగా. గట్టిగా నీలంగా ఉన్నది లోపలికి పోదు, బలవంతం చేయొద్దు. బయటికి వచ్చింది వెనక్కి పోకుండా వాచి నల్లబడుతుంటే అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి.

## ఒళ్లో బిడ్డ, కింద నొప్పి

కూర్చుని పాలివ్వలేకపోతున్నా. ఎట్లా?

పక్కకు తిరిగి పడుకుని ఇవ్వండి. బిడ్డను కూడా మీ వైపు పక్కకు తిప్పి, పొట్టకు పొట్ట ఆనేలా, ముక్కు చనుమొనకు ఎదురుగా ఉండేలా పడుకోబెట్టండి. మీ వీపు వెనక ఒక దిండు, మోకాళ్ల మధ్య ఒక దిండు పెట్టుకుంటే కింద భాగం మీద ఏ బరువూ పడదు. 'పడుకుని పాలిస్తే చెవిలో చీము పడుతుంది' అని పెద్దవాళ్లు అడ్డుపడతారు. బిడ్డ పక్కకు తిరిగి, తల కాస్త ఎత్తులో ఉంటే భయం లేదు.

జాగ్రత్త పడాల్సింది నిద్ర దగ్గర. నొప్పి మాత్ర వేసుకుని, రెండు రాత్రులు నిద్ర లేని మనిషికి పాలిస్తూనే కన్ను మూతపడుతుంది. సోఫాలో, మెత్తటి దిండ్ల మధ్య ఇలా నిద్రపోవడం బిడ్డకు చాలా ప్రమాదం. గట్టి పరుపు మీద, బిడ్డ ముఖం దగ్గర దుప్పటి, చీర కొంగు లేకుండా చూసుకోండి. రాత్రి పాలు పట్టేటప్పుడు ఇంట్లో ఒకరు మెలకువగా ఉండి, తాగగానే బిడ్డను తీసి వేరుగా పడుకోబెడితే ఇంకా మంచిది.

గుండ్రటి గాలి దిండు కొనమంటున్నారు. అవసరమా?

నేనైతే కొనమని చెప్పను. మధ్యలో ఖాళీ ఉన్న దిండు మీద ఎక్కువసేపు కూర్చుంటే ఆ భాగం కిందికి వేలాడి వాపు పెరగవచ్చు. రెండు టవల్స్ చుట్టగా చుట్టి తొడకొకటి కింద పెట్టుకుంటే పని జరిగిపోతుంది. ఏది వేసుకున్నా ఇరవై నిమిషాలకు మించి కూర్చోవద్దు.

ఆయన డ్యూటీకి వెళ్తే ఇంట్లో నేనూ బిడ్డే. బాత్రూమ్‌కు వెళ్తే ఏడుస్తుంది, మధ్యలోనే వచ్చేస్తున్నా.

మధ్యలో రావద్దు. వచ్చిన మోషన్ ఆపుకుంటే పేగు అందులో నీరంతా పీల్చేసుకుంటుంది, సాయంత్రానికి రాయి అవుతుంది. పాలు తాగి, తడిగుడ్డ మార్చిన బిడ్డ సురక్షితమైన చోట అయిదు నిమిషాలు ఏడిస్తే ఏమీ కాదు. నేల మీద గట్టి పరుపు వేసి, చీమలు లేకుండా చూసి, వెల్లకిలా పడుకోబెట్టి వెళ్లండి. మంచం మీద ఒంటరిగా వదలొద్దు.

టైమ్ కూడా మీరు కొంత మలుచుకోవచ్చు. ఏదైనా తిన్న అరగంట లోపు పేగు సహజంగా కదులుతుంది. పొద్దున ఆయన ఇంట్లో ఉన్నప్పుడే గ్లాసు వేడి నీళ్లో పాలో తాగి, రెండు ఇడ్లీ తిని, బిడ్డను ఆయనకు ఇచ్చి వెళ్లండి. పారాసెటమాల్ అయితే అంతకు ముప్పావు గంట ముందు వేసుకోండి. లోపల ఫోన్ వద్దు. అయిదు నిమిషాల్లో కాకపోతే లేచి వచ్చేయండి. వెస్టర్న్ కమోడ్ అయితే పాదాల కింద పీట వేసుకుని మోకాళ్లు పైకి ఉండేలా కూర్చోండి. ఇండియన్ టాయిలెట్‌లో కూర్చుని లేవలేనివాళ్లకు దాని మీద పెట్టుకునే ప్లాస్టిక్ కమోడ్ స్టూలు సర్జికల్ షాపుల్లో దొరుకుతుంది.

బిడ్డకు నీళ్లు పోయడం, ఉయ్యాల ఊపడం, నీళ్ల బిందె మోయడం… ఏవి చేయొచ్చు, ఏవి వద్దు?

బిడ్డను ఎత్తుకోవచ్చు. వంగి లేపేటప్పుడు ఊపిరి బిగబట్టకుండా వదులుతూ లేపండి. మన పద్ధతిలో కాళ్లు చాపి పీట మీద కూర్చుని, కాళ్ల మీద బిడ్డను వేసుకుని నలుగు పెట్టి నీళ్లు పోస్తారే, అది ఈ నొప్పితో చేయలేరు. అమ్మకో అత్తకో అప్పజెప్పండి. ఎవరూ లేకపోతే వెచ్చటి తడిగుడ్డతో తుడిస్తే చాలు, రోజూ తలంటాల్సిన పని లేదు. చీర ఉయ్యాలకు ఒక తాడు కట్టి, చివర మీ మంచం దాకా తెచ్చుకుంటే పక్కకు పడుకునే ఊపొచ్చు. తాడు బిడ్డ వైపు వేలాడకుండా ఉయ్యాల కింది అంచుకు, బయటి వైపు ముడి వేయాలి. బిందెలు, గ్యాస్ సిలిండర్, బియ్యం మూట ముట్టుకోవద్దు. ట్యాంకర్ వచ్చిందని బిందె పట్టుకుని పరుగెత్తే బాలింతలను పొదిలి వైపు చూశాను, ఆ పని ఆయనది.

నొప్పి వల్ల పాలు తగ్గుతాయా?

తయారవడం తగ్గదు, దిగడం ఆలస్యమవుతుంది. నొప్పి, కంగారు పాలను దించే ఆక్సిటోసిన్‌ను అడ్డుకుంటాయి. అందుకే మాత్ర పనిచేసే టైమ్‌లో పాలిస్తే బాగా వస్తాయి.

నేను మోషన్ మందు తాగితే బిడ్డకు విరేచనాలు అవుతాయా?

ఇసబ్‌గోల్, లాక్టులోజ్ పేగులోనే ఉండి బయటికి పోతాయి, పాలలోకి రావు. పాలు తాగే బిడ్డ మొదటి నెలలో రోజుకు అయిదారుసార్లు పసుపుగా పలచగా వెళ్లడం మామూలే. దాన్ని తల్లి మందుకు అంటగట్టి మందు మాన్పిస్తుంటారు. తల్లికి మలబద్ధకం ఉంటే బిడ్డకు వస్తుందన్నది కూడా నిజం కాదు.

నిద్ర లేదు, నొప్పి తగ్గదు. బిడ్డను చూసినా ఏడుపొస్తోంది. నేను మంచి తల్లిని కాదేమో.

మొదటి పది రోజుల్లో కన్నీళ్లు రావడం చాలామందికి ఉంటుంది. రెండు వారాలు దాటినా దిగులు పోకపోతే, బిడ్డ మీద ధ్యాస లేకపోతే, చచ్చిపోవాలని గానీ బిడ్డను ఏమైనా చేయాలని గానీ ఆలోచన వస్తే అది జబ్బు, మందుంది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ 14416కు ఎప్పుడైనా, తెలుగులోనే, ఉచితంగా మాట్లాడొచ్చు. అలాంటి ఆలోచన వచ్చిన రోజు మిమ్మల్నీ బిడ్డనూ ఒంటరిగా వదలొద్దని ఇంట్లోవాళ్లకు చెప్పండి.

## తిండి, నీళ్లు, పథ్యం

పథ్యం అన్నం, వెల్లుల్లి కారమే పెడుతున్నారు. నీళ్లు తాగితే పొట్ట వస్తుందంటున్నారు. నేనేం చేయాలి?

చాలా ఇళ్లలో మొదటి నెల కంచం ఇలా ఉంటుంది: తెల్లటి సన్నబియ్యం అన్నం, వెల్లుల్లి కారం, శొంఠి, నెయ్యి, పొద్దున్నే కాయం ముద్ద. తీరంలో అయితే పాలు పడతాయని పాల సొర చేప. వీటిలో ఏదీ చెడ్డది కాదు. కానీ ఈ కంచంలో పీచు దాదాపు సున్నా. దాని పక్కన లెక్కపెట్టి అరగ్లాసు కాచిన నీళ్లు. పాలిచ్చే ఒంట్లోంచి రోజుకు ముప్పావు లీటరు దాకా పాలకే పోతుంది. రోహిణి కార్తెలో చెమటకు పోయేది వేరే. ఇక పేగులో మిగిలేది ఏముంటుంది?

పొట్ట పెరిగేది నీళ్లతో కాదు, సాగిన కండరాలతో. రోజుకు మూడు లీటర్లు లక్ష్యంగా పెట్టుకోండి, కాచి చల్లార్చినవైనా సరే. బిడ్డ పాలు తాగిన ప్రతిసారీ మీరూ ఒక గ్లాసు తాగితే లెక్క పెట్టాల్సిన పని ఉండదు. కనిగిరి, పొదిలి చుట్టుపక్కల ఫ్లోరైడ్ భయంతో క్యాన్ నీళ్లు కొనే ఇళ్లలో ఇంటిల్లిపాదీ పొదుపుగా తాగడం అలవాటు. బాలింతకు ఆ పొదుపు వర్తింపజేయకండి.

పథ్యం మానేస్తానని అత్తగారితో గొడవ పెట్టుకోనక్కర్లేదు. ఆమె ఒప్పుకునే వాటిలోనే పీచున్నవి ఉన్నాయి. బీరకాయ, సొరకాయ, పొట్లకాయ 'చలువ చేయని' విధంగా వెల్లుల్లి వేసి వండించుకోండి. పెసరపప్పు, మునగాకు పొడి, మెంతికూరకు ఎవరూ అడ్డు చెప్పరు. తెల్ల ఇడ్లీ బదులు రాగి జావ. అంగన్‌వాడీలో ఇచ్చే రాగి పిండి, ఎండు ఖర్జూరం ఇంట్లో పిల్లలకు పంచేయకుండా మీరే తినండి. రాత్రి నానబెట్టిన పది ఎండుద్రాక్ష పొద్దున నీళ్లతో సహా. జామ, బొప్పాయి పండు మూడో వారానికి ఒప్పించగలిగితే సగం గెలిచినట్టే. బాగా పండిన బొప్పాయికి, పాలకు ఏ విరోధమూ లేదు.

ఇసబ్‌గోల్, సిరప్ వాడితే అలవాటైపోతుందేమో?

అలవాటు కావు. ఇసబ్‌గోల్ అంటే పీచే. రాత్రి ఒకటి రెండు చెంచాలు నిండు గ్లాసు నీళ్లలో కలిపి గడ్డకట్టేలోపు తాగి, వెంటనే ఇంకో గ్లాసు నీళ్లు తాగాలి. నీళ్లు తక్కువైతే అదే అడ్డం పడుతుంది. లాక్టులోజ్ సిరప్ మామూలుగా రాత్రి 15 నుంచి 30 మిల్లీలీటర్లు రాస్తారు. పనిచేయడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. మొదట కాస్త గ్యాస్ వస్తుంది. నొప్పి తగ్గగానే ఆపేయకండి, గాయం మానేదాకా కొన్ని వారాలు సాగాలి.

ఐరన్ మాత్రల వల్లే గట్టిగా వస్తోంది. మానేయనా?

మానొద్దు. కాన్పు తర్వాత 180 రోజులు వేసుకోవాలని ప్రభుత్వమే ఇస్తోంది. కాన్పులో పోయిన రక్తానికి తోడు మొలల రక్తం కూడా పోతుంటే మీకు ఇంకా అవసరం. మరీ ఇబ్బందిగా ఉంటే రోజు మార్చి రోజు వేసుకోవచ్చా, వేరే రకం ఐరన్ ఇస్తారా అని డాక్టర్‌ను అడగండి.

మా నాయనమ్మ ఆముదం తాగమంటోంది.

వద్దు. కడుపు మెలిపెట్టి, నీళ్ల విరేచనాలై, ఆ మంటకు పుండు ఇంకా రేగుతుంది. మరుసటి మూడు రోజులు మోషనే రాదు.

కారం, మాంసం మానేయాలా? కంద మంచిదంటారు కదా?

కారం మొలలను పుట్టించదు, చీలిక ఉంటే మంట పెంచుతుంది. మానేదాకా తగ్గించండి. కోడికూర, చేపల పులుసు తినొచ్చు, పక్కన కూరగాయ ఉంటే చాలు. కందను ఆయుర్వేదం మొలలకు మంచిదని చెబుతుంది. చింతపండు వేసి బాగా ఉడికించి కూరగా తినడానికి అభ్యంతరం లేదు. మజ్జిగా అంతే. రక్తం గడ్డకట్టిన మొలను మాత్రం ఏ కూరా కరిగించదు.

## డాక్టర్ దగ్గరికి

ఎప్పుడు ఆలస్యం చేయకూడదు?

చలితో జ్వరం వస్తే. మలద్వారం పక్కన ఎర్రగా వాచి, పోటుతో చీము కారితే. మూత్రం రాకుండా బిగిస్తే. రక్తం ధారగా పోతున్నా, గడ్డలుగా పడుతున్నా, కళ్లు తిరుగుతున్నా. గంటలోనే ప్యాడ్ నిండిపోతే అది ముందు నుంచైనా వెనక నుంచైనా 108కు ఫోన్ చేయండి. మోషన్, గ్యాస్ ఆపుకోలేకపోవడం కూడా చెప్పి తీరాల్సిందే. కాన్పులో కండరం తెగి ఉండొచ్చు, త్వరగా పట్టుకుంటే సరిచేస్తారు.

మగ డాక్టర్ చూస్తాడని సిగ్గు. లోపల ఏం చేస్తారు?

పక్కకు పడుకోబెట్టి, మోకాళ్లు మడవమని, దుప్పటి కప్పి ఆ భాగం మాత్రమే చూస్తారు. రెండు నిమిషాల పని. నొప్పి ఎక్కువగా ఉంటే వేలు పెట్టకుండా చూసి కూడా చాలావరకు తేలుస్తారు. ఆడ నర్సు గదిలో ఉండాలని అడిగే హక్కు మీకుంది. కాన్పు చేసిన డాక్టరమ్మకే మొదట చూపించుకోవచ్చు. ఆశా అక్క కాన్పు తర్వాత 42వ రోజు దాకా ఇంటికి వస్తూ ఉంటుంది, ఆమెకు చెప్పండి. నెలన్నర టీకాకు బిడ్డను తీసుకెళ్లిన రోజే మీరూ చూపించుకుంటే ఇంకో ప్రయాణం తప్పుతుంది. నెల్లూరు పెద్దాసుపత్రిలోనూ ఒంగోలు రిమ్స్‌లోనూ సర్జరీ ఓపీ ఉంది.

'ఆపరేషన్ లేకుండా మొలలు మాయం' అని బస్టాండ్ గోడ మీద పోస్టర్ చూశాం. వెళ్లమంటారా?

వద్దు. డిగ్రీ లేనివాళ్లు ఏం మందు ఎక్కిస్తున్నారో చెప్పరు. కాల్చే రసాయనంతో ఇంజెక్షన్ చేస్తే మాంసం చచ్చి, మలద్వారం కుంచించుకుపోయి, జన్మంతా ముక్కుతూ బతకాల్సి వస్తుంది. జిల్లేడు పాలు, సున్నం పూసుకోవడమూ ఇంతే. కింద నిప్పుల కుంపటి పెట్టుకుని పొగ పట్టించుకోవడం వల్ల తొడలు కాలినవాళ్లున్నారు. ఆయుర్వేదం మీద నమ్మకముంటే రిజిస్టరైన డాక్టర్ దగ్గరికే వెళ్లి, పాలిస్తున్న సంగతి చెప్పండి.

ప్రైవేట్‌లో చూపిస్తే వెంటనే లేజర్ చేయించుకోమన్నారు. బిడ్డకు నెల కూడా నిండలేదు.

ఒక మాట అడగండి: "ఇది ఎన్నో గ్రేడు? రెండు మూడు నెలలు ఆగితే ప్రమాదమేమిటి?" కాన్పు మొలలు చాలావరకు ఆ టైమ్‌లో వాటంతట అవే ముడుచుకుంటాయి. లోపలి మొలలు రక్తం పోస్తూనే ఉంటే రబ్బర్ బ్యాండ్ వేసే పద్ధతి ఉంది, దానికి పూర్తి మత్తు అక్కర్లేదు. నాలుగో గ్రేడు (బయటికి వచ్చి, నెట్టినా లోపలికి పోనిది), ఆగని రక్తం, నల్లబడిన మొల అయితే ఆపరేషన్ తప్పదు. అప్పుడైనా తల్లి పూర్తిగా తెలివిలోకి వచ్చాక పాలివ్వొచ్చు, పాలు పిండి పారబోయక్కర్లేదు. కోలుకోవడానికి రెండు నుంచి నాలుగు వారాలు, అంతకాలం బిడ్డను చూసే మనిషి ఉండాలి. ఎన్టీఆర్ వైద్య సేవ (ప్రభుత్వ ఉచిత వైద్య పథకం) మీ కేసుకు వర్తిస్తుందో లేదో నెట్‌వర్క్ ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్ర డెస్క్‌లో అడగండి, బిల్లు కట్టాక కాదు, ముందే.

## నెలలు గడిచాక

నొప్పి పోయింది కానీ తోలులాగా వేలాడుతోంది. మళ్లీ వస్తాయా?

సాగిన చర్మం అది, మిగిలిపోతుంది. హాని లేదు, కడుక్కునేటప్పుడు కాస్త శ్రద్ధ చాలు. మలబద్ధకం తిరిగి వస్తే మొలలూ రావచ్చు. మూడు నెలలు దాటినా రక్తం కనిపిస్తుంటే, బరువు తగ్గుతుంటే, ఇంట్లో ఎవరికైనా పెద్దపేగు క్యాన్సర్ ఉండి ఉంటే మొలలేలే అని వదిలేయకుండా పరీక్ష చేయించుకోండి.

మూడో నెలలో అత్తగారింటికి పంపుతున్నారు. ఒంగోలు నుంచి నెల్లూరు బస్సులో కూర్చోగలనా?

హైవే మీద సుమారు 120 కిలోమీటర్లు. బస్సు ముందు భాగంలో, చక్రాల మీద కాని సీటు చూసుకోండి. బయలుదేరే ముందు మోషన్ అయిపోయేలా చూసుకోండి. దారిలో బాత్రూమ్ దొరకదని నీళ్లు మానేయడం మన ఆడవాళ్లందరి అలవాటు, ఆ ఒక్క రోజు ఎండబెట్టింది వారమంతా బాధిస్తుంది. కావలిలో దిగి నడుము సర్దుకుని తర్వాత బస్సు ఎక్కినా తప్పులేదు. రైలు దొరికితే రైలే మేలు, లేచి నడవొచ్చు.

ఇంకో కాన్పుకు ఇవి తిరిగొస్తాయా? సిజేరియన్ అడగనా?

రావచ్చు. కానీ మొలల కోసం సిజేరియన్ చేయరు, మామూలు కాన్పుకు అవి అడ్డం కావు. ఈసారి కడుపుతో ఉన్నప్పుడే మొదటి చెకప్‌లో పాత సంగతి చెప్పండి. ఐరన్ మాత్ర మొదలుపెట్టిన రోజునుంచే కూర, పండు, నీళ్లు పెంచండి, మోషన్ గట్టిపడితే ఇసబ్‌గోల్ వాడొచ్చా అని అప్పుడే అడగండి. కాన్పుకు పుట్టింటికి వెళ్లేటప్పుడు బ్యాగులో బిడ్డ గుడ్డలతో పాటు విడిగా ఒక ప్లాస్టిక్ బేసిన్ కూడా పెట్టుకోండి.